కార్డులో లేని గడి

పోయిన నెల ఒడిశాలోని పర్లాకిమిడిలో బంధువుల ఇంట సీమంతానికి వెళ్ళాను. గాజులు తొడిగించుకుంటున్న అమ్మాయిని చూపిస్తూ ఒక పెద్దావిడ "దీనికి ఆకుపచ్చ స్టిక్కరు పడిపోనాది, ఇంకేటి భయం, పురిటికి నిశ్చింతగా తీసుకెళ్ళిపోండి" అంది. పేరంటాళ్ళెవరూ ఆ మాటను కాదనలేదు. సీమంతం పందిట్లో వాదన పెట్టుకోవడం మర్యాద కాదు కనుక, అక్కడ చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఆ స్టిక్కర్ల సంగతి తెలియనివారి కోసం ఒక్క మాట. 2016 నుంచి దేశమంతటా ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు స్వయంగా పరీక్షించే ఏర్పాటు ఉంది. పరీక్ష అయ్యాక మాతా శిశు రక్షణ కార్డు మీద ఒక రంగు స్టిక్కరు అంటిస్తారు. ఏ ప్రమాద సూచనా కనబడకపోతే ఆకుపచ్చ, ప్రమాదం ఎక్కువ ఉన్న గర్భమైతే ఎరుపు, గర్భం వల్ల బీపీ పెరిగితే నీలం, మధుమేహం, థైరాయిడ్ వంటి ఇతర జబ్బులుంటే పసుపు. ఈ ఏర్పాటు మంచిదే, దీనిని ఎత్తివేయమని నేను అనను. ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో మందుల షాపు నడుపుతూ చాలాకాలంగా ఈ కార్డులను, వాటిని పట్టుకుని వచ్చే మనుషులను చూస్తున్న ఫార్మసిస్టుగా నా అభ్యంతరం వేరు. ఈ స్టిక్కరు గర్భిణి ఒంటిని చూసి వేస్తున్నదే తప్ప, ఆమె కాన్పు ఎక్కడ జరుగుతుందో, అక్కడికి ఎలా చేరుతుందో చూసి వేస్తున్నది కాదు. మా ప్రాంతంలో ఆ రెండో సంగతి తెలియకుండా ప్రమాదాన్ని అంచనా కట్టడం సగం పని మాత్రమే అవుతుంది.

ఎర్ర స్టిక్కరుకు టానిక్

ఒకసారి ఒక యువకుడు షాపుకు వచ్చి, జేబులోంచి మడతపెట్టిన కార్డు తీసి, "అక్కా, ఈ ఎర్ర స్టిక్కరు పోవడానికి ఏదైనా మంచి టానిక్ ఇయ్యండక్కా, అమ్మ చూస్తే గొడవైపోద్ది" అన్నాడు. కార్డు తిరగేసి చూస్తే అతని భార్యకు మొదటి కాన్పు పెద్దాపరేషన్. అది ఏ టానిక్‌తోనూ పోయేది కాదు, పోవలసిన అవసరమూ లేదు. గర్భసంచి మీద పాత కుట్టు ఉన్న స్త్రీ ఆపరేషన్ సదుపాయం ఉన్న చోటే కనాలి అన్నది ఆ ఎరుపుకు అర్థం. అతనికి మాత్రం అది భార్య ఒంట్లో లోపం ఉందని ప్రభుత్వం వేసిన ముద్రలా కనిపించింది. అతని తల్లికి ఇంకా పెద్దదిగా కనిపిస్తుందని అతని భయం. ఆసుపత్రి ఒక చోటును సూచిస్తుంటే ఇంట్లోవాళ్ళు దానిని ఒక మనిషి మీద తీర్పుగా చదువుతున్నారు.

ఇలాంటిదే ఇంకొకటి. క్రితం కాన్పులో బీపీ పెరిగి ఇబ్బంది పడిన ఒకామెకు ఈసారి మూడో నెల దాటగానే డాక్టరు 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ రాశారు. స్ట్రిప్ మీద ఎకోస్ప్రిన్ అన్న పేరు చూసి ఆమె అత్తగారు, "ఇది మా ఆయన గుండెకు వేసుకునే బిళ్ళ, కడుపుతో ఉన్నదానికి ఇస్తారేటమ్మా?" అని వెనక్కి తెచ్చేశారు. అలాంటి చరిత్ర ఉన్నవారికి 20 వారాలలోపే ఆ బిళ్ళ మొదలుపెడితే బీపీ సమస్య మళ్ళీ వచ్చే అవకాశం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. ఆ కబురు ఇంట్లో బిళ్ళలు చేతికిచ్చే మనిషిదాకా చేరలేదు. ఆ ఇంట్లో ప్రమాదం గుర్తించబడింది, మందు రాయబడింది, కాని ఒంట్లోకి మాత్రం వెళ్ళలేదు. నేను డాక్టరు దగ్గరికే తిరిగి పంపితే, రెండు రోజుల తర్వాత అత్తగారే వచ్చి అదే స్ట్రిప్ తీసుకున్నారు.

ఈ రెండు సంగతులూ ఎందుకు చెబుతున్నానంటే, ప్రమాద సూచనలన్నీ ఒక జాతివి కావు. కొన్నిటికి వెంటనే చేయగల పని ఉంటుంది. హీమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే ఐరన్, 7 కన్నా తగ్గితే ఆసుపత్రి. బీపీ 140/90 చేరితే మూత్రంలో ప్రొటీన్ పరీక్ష. మా కొండ ప్రాంతాల్లో మలేరియా పరీక్ష, ఎందుకంటే ఫాల్సిపారం మలేరియా ఒక్కోసారి జ్వరమే లేకుండా గర్భంలోని మాయలో దాక్కుని తల్లి రక్తాన్నీ బిడ్డ బరువునూ తినేస్తుంది. ఇంకొన్ని సూచనలకు మందు ఉండదు. 140 సెంటీమీటర్లకన్నా తక్కువ ఎత్తు, పాత ఆపరేషన్, కవలలు, అడ్డం తిరిగిన బిడ్డ, ఇవన్నీ చెప్పేది ఒక్కటే: ఎక్కడ కనాలో. చోటు గురించి ఏమీ రాయని కార్డు మీద ఈ రెండో రకం సూచనలను అంటించినప్పుడు, వాటితో ఏం చేయాలో ఇంటివాళ్ళకు తోచకపోవడంలో వింత లేదు.

ముందు తెలియనిదే తొందరపెడుతుంది

ఇప్పుడు ఆకుపచ్చ సంగతికి వస్తాను. గర్భిణులను ప్రమాదం ఉన్నవారు, లేనివారు అని వేరుచేసి, ఉన్నవారి మీద దృష్టి పెట్టాలన్న ఆలోచన 1970ల చివర నుంచి ప్రపంచమంతటా బలంగా నడిచింది. వినడానికి ఎంతో సబబుగా ఉండే ఈ ఆలోచన ఆచరణలో తడబడింది. అప్పటి జైరే (ఇప్పటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) దేశంలోని కసోంగో అనే చోట జరిగిన పరిశీలన 1984లో వెలువడింది. ముందుగా ప్రమాదం ఉందని గుర్తించిన స్త్రీలలో పదింట తొమ్మిదిమందికి కాన్పు అడ్డుపడనే లేదు. నిజంగా కాన్పు అడ్డుపడినవారిలో పదింట ఏడుగురు ఆ జాబితాలోనే లేరు. కాన్పు తర్వాత రక్తస్రావం విషయం ఇంకా కష్టం. అది వచ్చినవారిలో ఎక్కువమందికి ముందుగా చెప్పుకోదగ్గ ఏ సూచనా ఉండదు. మామూలుగా కంటారు, మాయ పడుతుంది, గర్భసంచి ముడుచుకోదు.

దీనికి పక్కన పెట్టి చూడవలసిన లెక్క ఒకటి ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన డెబోరా మెయిన్ వేసిన అంచనా ప్రకారం, చికిత్స అందకపోతే కాన్పు తర్వాతి రక్తస్రావం మొదలైన దగ్గర నుంచి మరణం వరకు సగటున 2 గంటల వ్యవధి ఉంటుంది. మా పెద్దలు గుర్రపువాతం అనే బీపీ ఫిట్లకు 2 రోజులు, అడ్డుపడ్డ కాన్పుకు 3 రోజులు, పురిటి ఇన్ఫెక్షన్‌కు 6 రోజులు. అంటే ముందుగా పసిగట్టడానికి అన్నిటికన్నా తక్కువ వీలున్నదే అన్నిటికన్నా తక్కువ వ్యవధి ఇస్తోంది. మోహన నుంచి బరంపురం, గుమ్మ కొండల నుంచి పర్లాకిమిడి, పాతపట్నం అవతలి పల్లె నుంచి శ్రీకాకుళం, వానాకాలం రాత్రి ఈ దారుల్లో వెళ్ళినవారెవరికైనా 2 గంటలంటే ఎంతో తెలుసు. ఆకుపచ్చ స్టిక్కరు ఆ రాత్రిని కుదించదు.

అలాగని రక్తస్రావం ముందు ఏమీ చేయలేమనుకోవడం కూడా తప్పు. అది వస్తుందో రాదో చెప్పలేకపోవచ్చు, కాని వస్తే తట్టుకోగలదో లేదో హీమోగ్లోబిన్ చెబుతుంది. 11 ఉన్న మనిషి ఓర్చుకునే నష్టాన్ని 7 ఉన్న మనిషి ఓర్చుకోలేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది కనుక ఇది ఎవరో కొందరి సమస్య కాదు. షాపులో "రక్తం బిళ్ళలు" ఇచ్చేటప్పుడు నేను చెప్పే మాటలు కొన్నే. టీతో వేసుకోవద్దు, కాల్షియం బిళ్ళకూ దీనికీ రెండు గంటలు ఎడం పెట్టండి, విరేచనం నల్లగా అవుతుంది, భయపడి ఆపేయవద్దు. ఈ చివరి మాట ముందే చెప్పని చోట స్ట్రిప్ సగంలోనే ఆగిపోతుంది. పెద్ద శాస్త్రమేమీ అక్కరలేని ఈ నాలుగు మాటలకు ఎర్ర స్టిక్కరుకున్నంత హోదా లేకపోవడం నాకు ఎప్పుడూ చిత్రంగా ఉంటుంది.

1994లో సెరీన్ థాడియస్, డెబోరా మెయిన్ కలిసి, తల్లుల మరణాల వెనుక మూడు ఆలస్యాలు ఉంటాయని రాశారు. ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఒకటి, చేరడంలో ఒకటి, చేరాక చికిత్స మొదలవడంలో ఒకటి. ఒడిశాలో మొదటి ఆలస్యం చాలావరకు తగ్గిందనే అనాలి. 2005–06లో ఆసుపత్రి కాన్పులు దాదాపు 36 శాతం, 2019–21 నాటికి 92 శాతం. 102 నంబరు అంబులెన్సు బండ్లు, ఆసుపత్రి కాన్పుకు ఇచ్చే జననీ సురక్షా యోజన డబ్బు, గర్భిణులకు డబ్బిచ్చే ఒడిశా మమతా పథకం, ఇంటింటికీ తిరిగే ఆశా దిదీల కాళ్ళు, అన్నీ కలిసి తెచ్చిన మార్పు ఇది. అయినా 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు ఒడిశాలో 119, ఆంధ్రలో 45. ఇవి రాష్ట్రాల సగటులు. పాతపట్నం మన్యం గుంటూరు లాంటిది కాదు, బరంపురం గుమ్మ లాంటిది కాదు. అయినా ఆ తేడాను దులిపేసుకోవడానికి వీల్లేదు. సరిహద్దు దాటగానే ఆడవాళ్ళ ఒళ్ళు మారదు. మారేవి రోడ్డు, రక్తం సీసా, రాత్రిపూట మత్తు ఇచ్చే డాక్టరు ఉన్నారా లేరా అన్నది. రెండో ఆలస్యం, మూడో ఆలస్యం అంటే ఇవే.

ఎనిమిదో నెలలో ఊరు మారితే

మన తెలుగిళ్ళలో మొదటి పురుడు పుట్టింట్లోనే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి అమ్మాయిని తీసుకెళ్ళడం మనకు ఎంత సహజమంటే, దాని వైద్యపు అర్థం ఏమిటో ఎవరూ ఆలోచించరు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లోని తెలుగు కోడళ్ళలో చాలామందికి పుట్టిల్లు ఆంధ్రలోని పాతపట్నం, కొత్తూరు, పార్వతీపురం వైపు. అక్కడి ఆడపిల్లలను ఇటు ఇచ్చినట్టే, ఇటువాళ్ళనూ అటు ఇస్తారు. ఈ రాకపోకలు రాష్ట్రాలు విడిపోకముందు నుంచీ ఉన్నవే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గర్భిణికి కనీసం 8 సార్లు వైద్య సంప్రదింపులు జరగాలని చెప్పింది. అంతకుముందు నాలుగు చాలన్న పద్ధతి ఉండేది. ఈ 8లో 5 చివరి మూడు నెలల్లోనే వస్తాయి, 30 వారాల నుంచి 40 వారాల మధ్య. కారణం స్పష్టమే. బీపీ ఎక్కువగా పెరిగేదీ, బిడ్డ ఎదుగుదల తగ్గుతున్నట్టు తెలిసేదీ, బిడ్డ అడ్డంగా ఉందో తలకిందులుగా ఉందో తేలేదీ అప్పుడే. సరిగ్గా ఆ సమయంలోనే మన అమ్మాయి, తన బీపీ మొదటినుంచీ చూస్తున్న నర్సునూ, తన హీమోగ్లోబిన్ ఎంతనుంచి ఎంతకు వచ్చిందో తెలిసిన ఆశా దిదీనీ వదిలి, ఒడియా లిపిలో నింపిన కార్డు ఒకటి చేతిసంచిలో పెట్టుకుని, ఇంకో రాష్ట్రానికి వెళ్తోంది. అక్కడ కొత్త కార్డు రాస్తారు. దాని మీద మొదటి బీపీ ఎనిమిదో నెలది. 130/86 అన్న అంకె ఒంటరిగా చూస్తే ఎవరికీ కంగారు పుట్టదు. అదే మనిషికి నాలుగో నెలలో 100/64 ఉండేదని తెలిస్తే ఏ నర్సయినా ఇంకో వారంలో మళ్ళీ రమ్మంటుంది.

ఈ కార్డుల తకరారుకు డబ్బు చిక్కులు తోడు. ఇటు రేషన్ కార్డున్నవారికి అటు ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తించదు. కాన్పు అటు జరిగితే ఇటు రావలసిన డబ్బు పోతుందేమోనని భయం. తెలిసిన ఒక కుటుంబం ఈ లెక్కల మధ్య నలిగి, నొప్పులు మొదలయ్యేదాకా అమ్మాయి ఏ వైపు కనాలో తేల్చుకోలేకపోయింది. ఆమెది ఆకుపచ్చ కార్డే. చివరికి దగ్గరున్న చోటికి తీసుకెళ్ళారు, బిడ్డ పుట్టాక రక్తం ఆగలేదు, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపారు. ఆమె బతికింది. బతకడానికి కారణం ఆమె పెద్దన్నయ్య ముందు రోజే ఇద్దరు రక్తదాతలతో మాట్లాడి ఉంచడం. అతను వైద్యుడు కాదు, లారీ నడుపుతాడు. దారిలో బండి చెడితే ఏం చేయాలో బయల్దేరకముందే ఆలోచించే అలవాటు అతనిది. ఆ ఇంట్లో సరైన ప్రమాద అంచనా వేసింది అతనొక్కడే అని నా నమ్మకం.

పురిటికి పుట్టింటికి తీసుకెళ్ళవద్దని నేను చెప్పబోవడం లేదు. తల్లి చేతి అన్నం, పనిలేని నాలుగు నెలల విశ్రాంతి, భయపడితే పట్టుకోవడానికి ఒక చేయి, వీటి విలువ ఏ కార్డులోనూ కొలవలేం. రక్తహీనత ఉన్న కోడలికి అత్తింట్లో దొరకని విశ్రాంతి పుట్టింట్లో దొరకడం నేను చాలాసార్లు చూశాను. నష్టపోతున్నది ఆ ప్రయాణం వల్ల కాదు, ఆ ప్రయాణాన్ని వైద్యవ్యవస్థ లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల.

భయం అమ్ముడుపోతుంది కదా

నా వాదనకు బలమైన ఎదురు మాట ఒకటి ఉంది. దానిని నాతో అన్నది ఒక డాక్టరే. "ఆకుపచ్చవాళ్ళకు కూడా ఏదైనా కావచ్చని ఊరంతా చెబితే ఏమవుతుందో ఆలోచించారా? అందరూ భయపడి ప్రైవేటు నర్సింగ్‌హోముకు పరిగెడతారు, అక్కడ అందరికీ కోత పడుతుంది" అన్నారు. ఈ మాటను నేను తేలికగా తీసుకోలేను. ఐదో సర్వే ప్రకారం ఆపరేషన్ కాన్పులు ఒడిశాలో 21.6 శాతం, ఆంధ్రలో 42.4 శాతం. ఆంధ్ర వైపు తల్లుల మరణాలు తక్కువ కావడానికి ఆ కోతలన్నీ కారణమని ఎవరూ అనలేరు. ఇంకా, ప్రతి అనవసరపు ఆపరేషనూ తర్వాతి గర్భాన్ని ఎరుపులోకి నెడుతుంది. పాత కుట్టు మీద మాయ అతుక్కుని ఊడిరాకపోతే వచ్చే రక్తస్రావం అన్ని రక్తస్రావాల్లోకీ భయంకరమైనది. "ఉమ్మనీరు తగ్గింది", "బిడ్డ మెడకు పేగు చుట్టుకుంది" అన్న రెండు వాక్యాలతో సాయంత్రానికల్లా సంతకం పెట్టించుకున్న సందర్భాలు మా వీధిలోనే ఉన్నాయి. వాటిలో కొన్ని నిజంగా అవసరమైనవే అయి ఉంటాయి. ఏవి అవసరమో చెప్పే నిలకడ ఆ సమయంలో ఏ ఇంటికీ ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఐదో సర్వే ఆధారంగా 2023లో వెలువడిన ఒక విశ్లేషణ, దేశంలో గర్భిణుల్లో 49.4 శాతం మందికి ఏదో ఒక ప్రమాద కారణం ఉందని తేల్చింది. సగంమంది ఎరుపయితే ఎరుపుకు అర్థం ఏముంది? ఆశా దిదీ ఎవరి ఇంటికి ముందు వెళ్ళాలి?

నేను చాలాకాలం ఆలోచించినా, ఈ రెండు అభ్యంతరాలూ స్టిక్కర్లకే ఎక్కువ తగులుతాయి, నేను అడుగుతున్నదానికి తక్కువ. భయం ఎక్కడ అమ్ముడుపోతుందంటే, ముందుగా ఏ ఏర్పాటూ లేక, నొప్పుల మధ్య, తెలియని మనిషి ముందు నిర్ణయం తీసుకోవలసివచ్చిన చోట. ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, అక్కడ రాత్రి ఆపరేషన్ చేయగలరో లేదో, రక్తం ఎవరిస్తారో, బండి ఎవరిదో, సంతకం ఎవరు పెడతారో ఏడో నెలలోనే మాట్లాడుకున్న కుటుంబాన్ని భయపెట్టడం కష్టం. ఈ మాటలు సగంమందికి కాదు, అందరికీ కావాలి కనుక ఎవరిమీదా ముద్ర పడదు. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా ఆ జవాబుల పట్టికలో ఏ ఆసుపత్రి పేరు రాస్తామన్నంతవరకే ఉంటుంది.

కొండ ఊళ్ళ కోసం ఒడిశా ప్రభుత్వం పెట్టిన 'మా గృహ' (అమ్మ ఇల్లు) వసతుల్లో నాకు నచ్చేది ఇదే. రోడ్డు లేని ఊరి గర్భిణి నెలలు నిండే ముందు వచ్చి ఆసుపత్రి దగ్గర ఉండే ఇల్లు అది. ఒంటితోపాటు దారిని కూడా ప్రమాదంగా లెక్కగట్టిన పథకం అది. పెద్దపిల్లను ఎవరు చూస్తారు, జీడిమామిడి కోతల రోజుల్లో పని ఎవరు చేస్తారు అన్న సవర గిరిజన తల్లుల ప్రశ్నలకు అది పూర్తిగా జవాబు చెప్పలేదు, నిజమే. మన తెలుగువాళ్ళు మాత్రం దానిని "కొండవాళ్ళకు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆసుపత్రికి గంటన్నర దూరంలో ఉన్న పుట్టింటికి అమ్మాయిని పంపుతూ అలా అనడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇవన్నీ కార్డులోనే గడులుగా ఉండాలన్న ఈ ఊహంతా నర్సుగా పనిచేసే స్నేహితురాలికి చెబితే నవ్వింది. "ఇప్పటికే నింపలేక చస్తున్నాం, ఇంకో ఆరు గడులు చేరిస్తే బీపీ చూడడం మానేసి రాస్తూ కూర్చుంటాం. పైగా పురిటికని ఊరు దాటిపోయినవాళ్ళను మేము వెళ్ళిపోయినట్టు రాసేస్తాం. ఆ తర్వాత వాళ్ళు మా లెక్కలో ఉండరు" అంది. ఈ రెండో మాటతోనే నాకు పని. ఆరు గడులు వద్దు, ఒకటి చాలు: పురుడు ఏ ఊళ్ళో, ఏ తేదీన బయల్దేరుతుంది. ఆ తేదీకి ముందు ఇక్కడి ఆశా దిదీ అక్కడి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, రెండు భాషలూ వచ్చినవాళ్ళే కనుక, మొదటినుంచీ ఉన్న బీపీలూ హీమోగ్లోబిన్లూ చదివి వినిపించాలి. ప్రతి గర్భిణికీ దేశమంతటికీ చెల్లే నమోదు సంఖ్య ఒకటి ఎలాగూ ఉంది, అదీ చెప్పాలి. ఇప్పుడున్న పద్ధతిలో ఒడిశా పల్లె ఆశాకు జననీ సురక్షా యోజన కింద ఒక గర్భిణికి వచ్చే 600 రూపాయల్లో 300 పరీక్షలు చేయించినందుకు, 300 ఆసుపత్రి కాన్పుకు తోడుండి సాయపడినందుకు. అమ్మాయి సరిహద్దు దాటితే ఆ రెండో 300 ఆమె చేతికి రావడం కష్టం. అలాంటప్పుడు ఆమె ఆ అమ్మాయిని మరిచిపోవడం సహజం. ఆ ఫోన్‌కూ, పుట్టాక తల్లీబిడ్డా ఎలా ఉన్నారని చేసే ఇంకో ఫోన్‌కూ ఆ 300 ఇవ్వవచ్చు. స్నేహితురాలు దీనికి కూడా ఒప్పుకోలేదు. ఫోన్ చేసినట్టు రుజువేమిటని అడిగింది. అవతలి కార్డు మీద ఇవతలి అంకెలు కనబడటమే రుజువు అన్నాను.